దివ్యకాంత – వస్త్రము: పోచంపల్లి సీమ గాథలపై నొక విచారణ

అప్సరసలు, గంధర్వులు, యక్షులు భూలోకమునకు దిగివచ్చి మనుష్యుల నడుమ కొంతకాలము నివసించుట యనునది మన కథావాఙ్మయమున మిక్కిలి ప్రాచీనమైన వస్తువు. ఇట్టి కథలను బాలవినోదార్థమైన కల్పనములుగా నెంచి విడిచివేయుట కలదు. కాని యిందు ప్రతికథయందును నొక ప్రశ్న అంతర్లీనమై యుండును. లోకాంతరమునుండి వచ్చినవారు మానవుని యింట నెట్లు నిలుతురు? ఏ కట్టుబాటు వారిని నిలుపును? ఏది తప్పిన వారు వెడలిపోదురు? ఈ ప్రశ్నకు రాజాస్థానమున పుట్టిన నాటకము చెప్పిన సమాధానమొకటి. నవీనకాలపు నవలయు చలనచిత్రములును చెప్పినది మఱియొకటి. పోచంపల్లి మొదలగు నేతయూళ్లలో నివసించు పద్మశాలీల కులగాథ చెప్పునది వేఱొకటి. ఈ మూఁడింటిని ప్రక్కప్రక్కన నుంచి చూచినచో కులగాథయొక్క విశేషము స్పష్టపడును.

ఈ కథాజాతి కంతటికిని మూలప్రాయమైనది ఊర్వశీపురూరవుల కథ. ఋగ్వేదము పదియవ మండలమున 95వ సూక్తమునందు వీరిరువుర సంవాదము కలదు. శతపథబ్రాహ్మణము కథను విపులముగా చెప్పును. పురూరవుఁడు తనకు నగ్నుఁడై కనఁబడరాదని ఊర్వశి నియమము పెట్టినది. ఆమెను మరల తమ లోకమునకు రప్పింపఁగోరిన గంధర్వులు రాత్రివేళ ఆమె శయ్యకు కట్టియున్న మేషములను హరించిరి. రాజు వస్త్రము ధరించు నంతసేపైనను ఆగక లేచి పరుగెత్తెను. గంధర్వులు మెఱుపు పుట్టించిరి. ఆ వెలుఁగున ఊర్వశి యతనిని చూచి యంతర్హితయయ్యెను. పిమ్మట కురుక్షేత్రమునందలి యొక కొలనిలో ఆమెయు చెలులును జలపక్షుల రూపమున నీఁదుచుండఁగా పురూరవుఁడు చూచెను. ఇచ్చట గమనింపవలసిన దేమనఁగా, దివ్యకాంత మానవలోకనివాసము ఒక వస్త్రముపై నాధారపడియున్నది. కాళిదాసు విక్రమోర్వశీయమున నీ నియమమును విడిచి, పుత్రముఖదర్శనమువఱకే ఆమె యిచ్చట నుండునట్లు మార్చెను. కావ్యమున మఱుగుపడిన యీ వస్త్రము జానపదగాథలలో మాత్రము నిలిచియున్నది.

మన దేశమున మాత్రమే కాదు. ఐరోపాదేశముల కథలలో హంసరూపము విడిచి స్నానమాడు కన్యయొక్క ఈఁకలవలువను వేఁటకాఁడు దాఁచి యామెను పెండ్లాడును. అది దొరికిననాఁడు ఆమె యెగిరిపోవును. జపానుదేశమున హగొరొమొ యను నాటకమునందు జాలరి యొకఁడు చెట్టుకొమ్మపై వ్రేలాడుచున్న దివ్యాంబరమును చేకొని, దాని నిచ్చుటకు ప్రతిగా ఆమె నృత్యమును కోరును. చీనాదేశపు గాథ యింకను విచిత్రమైనది. అందలి దేవకన్య స్వయముగా నేతకత్తె. ఆకాశమున మగ్గము నేయునది. ఆమె పశులకాపరి నొకనిని పెండ్లాడి భూమిపై కాపురముండును. అతఁడు ఆమె వలువను దాఁచినట్లు చెప్పు పాఠములును గలవు. తుదకు వారిరువురును ఆకాశగంగకు చెఱియొక దరిని నిలువవలసినవారై యేఁటి కొకదినము మాత్రమే కలిసికొందురు. ఈ కథలన్నిటియందును చీర యనఁగా బంధనమే. దానిని దొంగిలించినవాఁడు భర్త యగును. దానిని తిరిగి పొందినది స్వతంత్ర యగును.

పోచంపల్లికి దక్షిణమున నున్న రాచకొండ, పదునాలుగవ శతాబ్దిలో రేచర్ల పద్మనాయకులకు రాజధాని. రసార్ణవసుధాకరకర్తయైన సింగభూపాలుఁ డిచ్చటి ప్రభువే. ఆతఁడు సంస్కృతమున రచించిన కువలయావళి యను నాటికకు రత్నపాంచాలిక యనియు పేరు కలదు. అందు భూదేవి మానుషకన్యారూపమున నుండఁగా నారదుఁడు ఆమెను రుక్మిణియొద్ద న్యాసముగా నుంచును. ఆమె వ్రేలనున్న యుంగరముయొక్క మహిమచేత పురుషులకు ఆమె మణులతో చేసిన బొమ్మగా మాత్రమే కనఁబడును. ఉంగరము జాఱినప్పుడు శ్రీకృష్ణుఁడు నిజరూపమును చూచి మోహించును. వస్త్రమునకు మాఱుగా నిచ్చట ఉంగరము వచ్చినది. తక్కిన పన్నుగడ యంతయు నదియే. దివ్యస్త్రీ అంతఃపురమున నుండవలెనన్న ఆమె బొమ్మ కావలెను. ఇది ఆస్థానసమాజపు చూపు.

నవీనకాలమునను ఈ పన్నుగడ మాఱలేదు. 1961లో వెలువడిన జగదేకవీరుని కథ యను చలనచిత్రమున నాయకుఁడు ఇంద్రపుత్రిక వలువను దాఁచి యామెను భూలోకమున నిలుపును. అది చేఁజిక్కఁగానే ఆమె స్వర్గమున కేఁగును. 1990 నాఁటి జగదేకవీరుఁడు అతిలోకసుందరి యను చిత్రమున ఇంద్రుని కూఁతురు స్నానార్థమై వచ్చి ఉంగరము పోఁగొట్టుకొని, దానికై నేఁటి నగరమున యాత్రికులకు దారిచూపు నొకని యింట చేరును. ఆఱువందల యేండ్లనాఁటి రాచకొండ నాటికయందలి యుంగరమునకును దీనికిని సంబంధముండవలసిన పని లేదు. కాని రెంటియందును ఆ చిన్న వస్తువే లోకద్వయమునకు నడిమి గడియ. విశ్వనాథ సత్యనారాయణ హాహా హూహూ యను చిన్న నవలలో మఱియొక త్రోవ త్రొక్కెను. అశ్వముఖుఁడైన గంధర్వుఁడు పట్టువలువలతోను ఆభరణములతోను లండను నగరపు ట్రఫాల్గరు చతుష్పథమున కానవచ్చును; అది మృగమా మనుజుఁడా యని పౌరులు తర్కింతురు; అతఁడు పలుకునది సంస్కృతము. ఇచ్చట దొంగతనము లేదు; దానికి బదులు విచారణ కలదు. అతిథి యెవ్వరని తెలిసికొనుటకు ముందే యే వర్గమున చేర్పవలెనని యడుగుట ఆధునిక సమాజలక్షణమని కవి యాక్షేపము.

ఇఁక పద్మశాలీల గాథ. ఇది వారి కులపురాణము. అష్టాదశపురాణములలోని మార్కండేయపురాణముకంటె భిన్నమైనది. తెలంగాణమున కూనపులివారు నకాశీలు వ్రాసిన పొడవైన పటమును విప్పుచు, బొమ్మ వెంబడి బొమ్మను చూపుచు దీనిని గానము చేయుదురు. పాఠములు పలువిధములు, సారాంశ మిది. దేవతలకు కట్టుబట్ట లేని కాలమున మార్కండేయుని యజ్ఞమునందు భావనాఋషి యుద్భవించెను. విష్ణునాభికమలపు నారను గ్రహించి యతఁడు తొలివస్త్రము నేసి దేవతల కిచ్చెను. పులి యతనికి వాహనము. సూర్యుని కూఁతురైన భద్రావతిని అతఁడు పెండ్లాడెను. వారి కుమారులు నూటొక్కండ్రు. వారి సంతతివారే సాలెవారు.

ఈ గాథను వెనుకటివానితో పోల్చినచో భేద మెంతటిదో తెలియును. ఇందును దివ్యకాంత కలదు, వస్త్రము కలదు, మానవవంశముతోడి సంబంధము కలదు. కాని వస్త్రమును దాఁచినవాఁడు లేఁడు. దానిని నేసినవాఁడు కలఁడు. అన్యత్ర మానవుఁడు దేవతలనుండి బట్టను హరించును. ఇచ్చట అతఁడే దేవతలకు బట్ట నిచ్చును. అందుచేతనే సూర్యపుత్రికకు నియమము పెట్టవలసిన పనియు, వెడలిపోవలసిన దినమును లేవు. ఆమె కులమునకు మూలమాత యైనది. బట్టను కట్టుకొనువారు కల్పించిన కథలో చీర సంకెల. బట్టను నేయువారు కల్పించిన కథలో చీర కట్నము.

ఇది కులగౌరవమును పెంచుకొనుటకై పుట్టిన పురాణమేగాని కథ కాదని యాక్షేపింపవచ్చును. ఆ ప్రయోజన ముండుట నిజమే. రాజవంశములకు సూర్యచంద్రుల సంబంధము కల్పించిన ప్రశస్తులకును ప్రయోజన మదియే; అయినను వానిని చరిత్రకారులు చదువక మానలేదు. మఱియు గౌరవము కోరువారు యుద్ధమునుగాని రాజ్యమునుగాని చెప్పుకొనవచ్చును. వీరు ప్రధానముగా చెప్పుకొన్నది పనిని. గాథకు ప్రత్యేకత నిచ్చునది యదియే.

ఆ పని యెట్టిదో యెఱిఁగినవారికి గాథయొక్క బరువు తెలియును. 1951లో భూదానోద్యమమునకు జన్మస్థానమైన పోచంపల్లి అంతకంటెను తన చీరలచేత ప్రసిద్ధము. ఇచ్చట నేసిన బట్టపై అద్దకము వేయరు. నేయుటకు ముందే నూలును లెక్కప్రకారము కట్టి రంగులలో ముంచుదురు. పోఁగు పోఁగు తనచోటఁ బడినప్పుడే చిత్రము పుట్టును. ఇందులకై పేకనూలును ఆసు పోయవలెను. ఒక చీరకు చేయి సుమారు 9,000 మాఱులు ఇటునటు తిరుగవలెను. ఇంటి స్త్రీలే తఱచుగా నీ పని చేయుదురు. ఆలేరు ప్రాంతపు శారాజిపేటకు చెందిన చింతకింది మల్లేశము తన తల్లి భుజముల నొప్పిని చూచి 1999లో ఆసుయంత్రమును నిర్మించి దానికి ఆమె పేరిట లక్ష్మి యని నామకరణము చేసెను. 2017లో ఆయనకు పద్మశ్రీ పురస్కారము లభించినది. దేవతాస్త్రీ నేతవాని యింట నిలిచినదని కులగాథ చెప్పెను. ఆ నిలుకడకు వెల యెంతయో ఆసు పోసిన చేతు లెఱుఁగును.

ఇట్టి గాథలు మన వాఙ్మయచరిత్రలలో పేరుకు మాత్రమే కనఁబడుచున్నవి. నాటికయు నవలయు అచ్చుపడినవి. చిత్రములు భద్రముగా నున్నవి. పటకథ మాత్రము పాడువాని కంఠమునందును, చుట్టిన బట్టయందును నున్నది. పాడువారు తగ్గినకొలఁది పటములు బొమ్మలుగా అమ్ముడుపోవుచున్నవి. కథనుండి విడిపోయిన పటము గోడపై నలంకారమగును. రాచకొండ నాటికలోని దివ్యకన్యవలెనే అదియు చూచువారికి బొమ్మగా మాత్రమే కనఁబడును. కావున పాఠాంతరములను వేర్వేఱుగా వ్రాసి, ఏ పాఠ మే యూర ఎవరియెదుట పాడఁబడినదో గుర్తించి, పటములోని గడులతో సరిచూచి ప్రకటించుట పరిశోధకులకు కర్తవ్యము. తెలుఁగు కథలో దేవకన్యల చరిత్ర వ్రాయఁబూనువారు ఊర్వశితో నారంభింపవచ్చును; కాని భద్రావతిని విడిచినచో, వచ్చినవారిలో వెడలిపోక నిలిచిన యామెను విడిచినవా రగుదురు.