విలాసమూ, వివక్షా

ఉత్తరం మీద రాసే చిరునామాను మన పెద్దలు విలాసం అనేవారు. ఆ మాటకు సొగసు, వైభవం అనే అర్థాలు కూడా ఉన్నాయి. లోపలి ఉత్తరం చదవకముందే, పైన ఉన్న విలాసాన్ని బట్టి మనిషిని అంచనా కట్టే అలవాటు మన సమాజంలో చాలా పాతది. 1922లో ఉన్నవ లక్ష్మీనారాయణ జైలులో రాసిన నవలకు 'మాలపల్లి' అని పేరు పెట్టారు. అది కూడా ఒక విలాసమే. ఊరు దూరంగా నెట్టిన వాడ పేరును పుస్తకం అట్ట మీదికి ఎక్కించడం ఆనాటికి తిరుగుబాటు అని మరచిపోకూడదు.

ఈమెయిల్ వచ్చాక ఆ వాడా, ఆ పేటా విలాసంలోంచి మాయమయ్యాయి. 1971లో రే టామ్లిన్సన్ అనే అమెరికన్ ఇంజనీరు మనిషి పేరుకూ కంప్యూటరు పేరుకూ మధ్య 'ఎట్' గుర్తు పెట్టాడు. మన దేశంలో 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ఇంటర్నెట్‌ను ప్రజలకు అందుబాటులోకి తెచ్చింది. 1996లో హాట్‌మెయిల్ వచ్చి, డబ్బు లేకుండానే ఎవరి విలాసాన్ని వారే ఎంచుకునే వీలు కల్పించింది. నకరికల్లు కుర్రాడికీ హైదరాబాదు కుర్రాడికీ చివర ఉండేది ఒకే కంపెనీ పేరు. పైకి చూస్తే ఇది సమానత్వమే.

నా పాత విద్యార్థి ఒకడు నరసరావుపేట నెట్ సెంటరులో తన మొదటి ఈమెయిల్ తెరిచాడు. అభిమాన హీరో పేరు, పక్కన తన పుట్టిన తేదీ. డిగ్రీ అయ్యాక ఆ విలాసంతోనే ఒక ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాడు. ఇంటర్వ్యూలో ఒకాయన దాన్ని పైకి చదివి నవ్వాడట. తక్కినవారూ నవ్వారట. మార్కుల మాట ఎవరూ ఎత్తలేదు. "అది బాగుండదని నాకెవరూ చెప్పలేదు సార్" అన్నాడు. చెప్పవలసినవాణ్ణి నేనే.

ఆ నవ్వు ఒక్క మనిషి చపలత్వం కాదు. నెదర్లాండ్స్ పరిశోధకులు ఉద్యోగులను ఎంపిక చేసేవారికి నమూనా దరఖాస్తులు చూపించి పరీక్షించారు. ఆకతాయి విలాసం ఉన్న అభ్యర్థికి వారు తక్కువ విలువ కట్టారు. ఆ నష్టం అక్షరదోషాల వల్ల కలిగే నష్టమంత ఉందని 2015లో ప్రకటించారు.

మన సాహిత్యం సంగతి చూద్దాం. భాగవతుల సదాశివశంకర శాస్త్రి ఆరుద్ర అయితే, పేరులోంచి శాస్త్రి తొలగినందుకు మనం సంతోషించాం. పల్లెటూరి కుర్రాడు తనకు తాను పెట్టుకున్న పేరును మాత్రం పరిహసించాం. కలం పేరు వెనుక ఆలోచన ఉంది, హీరో పేరు వెనుక ఉన్నది మోజు అనవచ్చు. నిజమే. కాని ఏది హుందా, ఏది వెకిలి అని తీర్పు చెప్పే అధికారం ఎవరి చేతిలో ఉంది?

నేనూ లోకమంతా ఇచ్చే సలహానే ఇచ్చాను: "నీ అసలు పేరు, ఇంటిపేరుతో కొత్తది తెరువు." అతను కాసేపు ఆగి, "అప్పుడు మా కులం తెలిసిపోతుంది కదా సార్" అన్నాడు. నా దగ్గర జవాబు లేకపోయింది. సుఖదేవ్ థోరట్, పాల్ ఆటివెల్ 548 ఉద్యోగ ప్రకటనలకు 4,808 దరఖాస్తులు పంపించి, 2007లో ఫలితాలు ప్రకటించారు. అర్హతలు సమానంగా ఉన్నచోట కూడా, అగ్రవర్ణ హిందువు పేరుతో పోలిస్తే దళితుని పేరుకు పిలుపు వచ్చే అవకాశం సుమారు మూడింట రెండు వంతులు, ముస్లిం పేరుకు మూడో వంతు మాత్రమే.

మారుపేరు పెట్టుకుంటే నవ్వు. అసలు పేరు పెట్టుకుంటే మూసిన తలుపు. అందుచేత హుందాతనం పాఠం ఒక్క అభ్యర్థికే చెప్పి ఊరుకోవడం అన్యాయం. పదో తరగతి జవాబు పత్రాలు దిద్దేటప్పుడు నాకు పిల్లల పేర్లు కనిపించవు. కనిపిస్తే నా చెయ్యి కూడా తేడా చూపవచ్చునని వ్యవస్థ అనుమానించింది. ఆ అనుమానం నాకు అవమానంగా తోచలేదు. ఉద్యోగం ఇచ్చేవారికి మాత్రం ఆ కట్టుబాటు ఎందుకు ఉండకూడదు? తొలి వడపోతలో పేరునూ విలాసాన్నీ మూసి, చదువునూ పనితనాన్నీ చూడమని మనం అడగాలి.

మాలపల్లి పుస్తకం అట్ట మీదికి ఎక్కి నూరేళ్లు దాటింది. దరఖాస్తులో మాత్రం మా కుర్రాడు దాన్ని ఇంకా దాచుకోవలసి వస్తోంది.