కాచిగూడ రైలు మ్యూజియం: నిజాం గ్యారంటీ కథ

దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ కుటుంబాలకు పిల్లలతో అరపూటలో చూసి వచ్చే చోటు కాచిగూడ స్టేషన్. మెట్రోలో మలక్‌పేటలో దిగితే ఎంఎంటీఎస్‌లో అక్కడికి ఒక్క స్టేషనే. రైలు ఆలస్యమైతే ఆటో ఎక్కేయడం మేలు.

ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ హయాంలో 1916లో కట్టిన స్టేషన్ ఇది. గుమ్మటాలు, మినార్లు బయటి నుంచి చూస్తేనే బాగుంటాయి. హడావుడిగా లోపలికి వెళ్లిపోకండి. నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే చరిత్ర చెప్పే మ్యూజియం స్టేషన్ ఆవరణలోనే ఉంది. వేళలు ఎంక్వైరీలో అడిగి, ప్లాట్‌ఫారం టికెట్ దగ్గర ఉంచుకోవాలి.

పేరులోని 'గ్యారంటీడ్' అనే మాట దగ్గర కాసేపు ఆగాలి. ఈ గడ్డ మీద మొదటి లైను 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు వచ్చింది. డబ్బు నిజాం సర్కార్‌దే. 1883లో లండన్‌లో కంపెనీ పెట్టి, లైనును బెజవాడ వరకు పొడిగించే పని దానికి అప్పగించారు. వాటాదారుల పెట్టుబడికి ఏటా 5 శాతం వడ్డీ 20 ఏళ్ల పాటు సర్కారే పూచీ పడింది. అంటే లాభం వస్తే కంపెనీకి, రాకపోతే భారం ఖజానాకి. ఖజానాలో ఉన్నది రైతు కట్టిన శిస్తే కదా!

ఈ ప్రశ్న అప్పట్లోనే లేచింది. చాందా వైపు వేసే లైను ఒప్పందం వివరాలు జనం ముందు పెట్టాలని అఘోరనాథ్ చటోపాధ్యాయ, ముల్లా అబ్దుల్ ఖయ్యూం వంటి వాళ్లు గొంతెత్తారు. సరోజినీ నాయుడి తండ్రి అయిన అఘోరనాథ్‌ను 1883 మేలో హైదరాబాద్ నుంచి పంపించేశారు. హిందూ ముస్లిం పెద్దలు కలిసి లెక్క అడిగిన ఘట్టం ఇది.

పని మాత్రం ఆగలేదు. 1889కి రైలు బెజవాడ చేరింది. 1930 ఏప్రిల్ 1న సర్కార్ కంపెనీని తన చేతిలోకి తీసుకుంది. 1932లో అదే రైల్వే 27 బస్సులతో రోడ్డెక్కింది. నేటి ఆర్టీసీకి మూలం అదే.

పిల్లలు గేజ్ అంటే ఏమిటని అడుగుతారు. రెండు పట్టాల మధ్య వెడల్పు. బ్రాడ్ గేజ్‌కు 1,676 మిల్లీమీటర్లు, మీటర్ గేజ్‌కు 1,000, ఆ చిన్న రైళ్ల నారో గేజ్‌కు ఎక్కువగా 762. కాచిగూడ ఒకప్పుడు మీటర్ గేజ్ స్టేషన్, 1990ల్లో బ్రాడ్ గేజ్ అయింది. శ్రీకాకుళం జిల్లా నౌపడ నుంచి పర్లాకిమిడికి 1900లో మొదలైన నారో గేజ్ రైలూ ఇప్పుడు లేదు. నారో గేజ్ ఇంజిన్లే చూడాలనుకుంటే నాగ్‌పూర్ మోతీబాగ్‌లో 2002లో తెరిచిన మ్యూజియం ఉంది. సికింద్రాబాద్ నుంచి రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి నాగ్‌పూర్.