కాన్పుకీ కాన్పుకీ మధ్య

ఖమ్మం నుంచి భద్రాచలం వెళ్ళే బస్సు పాల్వంచ దాటిందంటే అడవి గాలి మొహానికి తగులుతుంది. ఓసారి ఆ బస్సులో నా పక్కన ఒక బాలింత కూచుంది. ఒళ్ళో ఐదో నెల పిల్ల, కాళ్ళ దగ్గర రెండేళ్ళు నిండని కొడుకు. వాణ్ణి నా ఒళ్ళోకి లాక్కుని, "కాస్త ఎడం ఉంచుకోలేకపోయావా తల్లీ?" అన్నాను.

"ఎట్లుంచుకుంటరమ్మా? ఇద్దరైనంక ఆపరేషన్ జేసుకోమన్నరు. మొదటి కాన్పప్పుడు ఎవ్వరూ ఏం చెప్పలే."

ఇరవై ఒకటో ఏడట!

నాకేం చెప్పారు గనక? బి.ఏ. చదివినదాన్నే. పురిటి నుంచి ఇంటికి పంపుతూ చెవుల్లో దూది పెట్టుకోమన్నారు, చల్లనీళ్ళు ముట్టొద్దన్నారు. ఈ సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు.

విచిత్రమేమంటే ప్రభుత్వమే పూనుకుని కుటుంబ నియంత్రణ కార్యక్రమం మొదలుపెట్టిన తొలి దేశం మనదే, 1952లో. 1965లో లూపు వచ్చింది. వేసి పంపారేగానీ, రక్తం ఎక్కువగా పోతోందంటే వినిపించుకునేవారు తక్కువ. దాంతో లూపు పేరు చెబితేనే ఆడవాళ్ళు బెదిరిపోయారు. 1968లో నిరోధ్ వచ్చింది. తర్వాత ఎమర్జెన్సీ. 1976-77 ఒక్క ఏడాదిలోనే దేశంలో 82 లక్షల పైచిలుకు ఆపరేషన్లు. అందులో 62 లక్షల దాకా మగవాళ్ళవి! ఆ దెబ్బకి 1977లో ప్రభుత్వమే పడిపోయింది. మగవాళ్ళు మళ్ళీ ఆ బల్ల ఎక్కితే ఒట్టు. వాళ్ళది తేలికైన ఆపరేషనే, కడుపు కోయక్కర్లేదు. అయినా ఆ కత్తి మనవైపు తిరిగింది.

అప్పట్నించీ పత్రికల్లో "కు.ని." అంటే ఆడవాళ్ళ ఆపరేషనే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో పెళ్ళైన ఆడవాళ్ళలో నూటికి 62 మంది దాకా అది చేయించుకున్నవాళ్ళే. ఎడం కోసం కాపర్-టీ, మాత్రలు, నిరోధ్ వాడేవాళ్ళు అన్నీ కలిపినా నూటికి ఐదుగురికి మించరు.

బస్సు కుదుపుల్లోనే ఆమెకి చెప్పాను. కాన్పయిన 48 గంటల్లోపే కాపర్-టీ వేయించుకోవచ్చనీ, ఏళ్ళ తరబడి పనిచేస్తుందనీ, వద్దనుకుంటే తీయించుకోవచ్చనీ, పాలకేం లోటు రాదనీ. 2017 నుంచి ప్రభుత్వాసుపత్రుల్లో ఇస్తున్న అంతరా ఇంజెక్షన్ సంగతీ చెప్పాను. మూడు నెలలకోసారి అనేసరికి నవ్వింది. "వానల్ల మా వాగు దాటనిస్తదా?" అంది. నిజమే, నాకు తట్టలేదు.

"పాలిస్తుంటే నెల తప్పదంటరు గద?"

"బిడ్డకి ఆరు నెలలు నిండేదాకానే. అదీ నీళ్ళు కూడా పట్టకుండా, రాత్రీపగలూ నీ పాలే ఇస్తూ, నువ్వు బయట చేరకుండా ఉంటేనే" అన్నాను.

ఆమె వేళ్ళు లెక్కపెట్టుకుంది. పిల్లకి గంజినీళ్ళు మొదలుపెట్టి అప్పటికే నెలైందట.

సారపాకలో దిగుతూ టిక్కెట్టు నా చేతికిచ్చి, కాపర్-టీ పేరు దానిమీద రాసిమ్మంది. చెల్లెలికి తొలిచూలట, ఏడో నెల.

"నాకు చదువు రాదు. ఆశమ్మకి చూపిస్త."