పందిరి మంచం పాదు పందిరైన కథ

(రైతుల కార్యక్రమంలో ప్రసంగం)



ఇవాళ నేను ఎరువుల సంగతి గాని, పురుగుమందుల సంగతి గాని ఎత్తబోవడంలేదు. మీ పెరట్లో గోడకి చేరేసి ఉన్న విరిగిన మంచం సంగతి చెబుతాను. నవ్వకండి. ఆ మంచానికో చరిత్ర ఉంది. ఆ చరిత్రలో మన గోదావరి ఉంది, మన అడవి ఉంది, మన ఊళ్లు మునిగిన కథ కూడా ఉంది.

మొదట కలప సంగతి చూద్దాం. పోలవరం దగ్గర గోదావరి పాపికొండలు దాటి మైదానంలోకి దిగుతుంది. వెనకటి రోజుల్లో ఎగువ అడవుల్లో కొట్టిన టేకు దుంగల్ని వెదుళ్లతో కలిపి తెప్పలుగా కట్టి, నీటివాలుకి రాజమండ్రి దాకా తేల్చుకొచ్చేవారు. 1847లో కాటన్ దొరగారి ఆధ్వర్యంలో ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలై 1852కి పూర్తయింది. కాలవలు పారాయి, వరి పండింది, చేతిలో నాలుగు డబ్బులు ఆడాయి. డబ్బు ఆడిన చోట ఇల్లు లేస్తుంది గదా! టేకు ద్వారబంధాలు, మద్ది దూలాలు, పందిరి మంచాలు, ఉయ్యాల బల్లలు, ఇత్తడి బందులు వేసిన భోషాణాలు, ఇవన్నీ మోతుబరుల ఇళ్లల్లోకి వచ్చాయి. పేదవారింట్లో నులక మంచం, పీట, వెదురు తట్ట. అంతే.

కలపని మాత్రం ఎవరూ పారేసేవారు కాదండి. మంచం కోడు విరిగితే పశువుల పాకలో గుంజ అయ్యేది. పట్టె అరిగితే దడికి ఆసరా అయ్యేది. బండి చక్రం ఆకులు ఊడితే ఆ చక్రాన్ని పెరటి గుమ్మం పక్కన ఆనించి దొండపాదు పాకించేవారు. తిరగలి రాయి అరిగితే నూతి దగ్గర కాళ్లు కడుక్కునే బండ అయ్యేది. దీన్ని ఎవరూ అలంకారమని అనుకోలేదు. వస్తువు పుట్టిన దగ్గర్నించి మట్టిలో కలిసేదాకా దానికి పని చెప్పడం మన పెద్దల అలవాటు. పోలవరం మన్యంలో కొండరెడ్లు, కోయలు అయితే ఆనపపాదుని ఏకంగా ఇంటి కప్పుమీదికే ఎక్కిస్తారు. వారికి ఇల్లే పందిరి. కాయ ముదిరి ఎండితే గుజ్జు తీసి, బుర్రని నీళ్లకీ కల్లుకీ వాడుకుంటారు.

ఒక్క మాట గమనించండి. పడుకునే మంచానికీ, పాదు పాకే కట్టుబడికీ, పెళ్లికి వేసేదానికీ మన భాషలో ఒకటే మాట, పందిరి. పందిరి మంచానికి నాలుగు మూలలా ఆరేడడుగుల గుంజలుంటాయి. పైన అడ్డకర్రలుంటాయి. దోమతెర తీసి ఆరుబయట పెడితే, వడ్రంగి చెయ్యి పడకుండానే అది ఆనపపాదుకి తయారైన పందిరి!

మరి యీ అలవాటు ఎప్పుడు తప్పింది? 1960లో కేంద్ర ప్రభుత్వం ప్యాకేజీ పథకమని మొదలుపెట్టినప్పుడు, దేశం మొత్తంమీద ముందుగా ఎంచుకున్న ఏడు జిల్లాల్లో పశ్చిమ గోదావరి ఒకటి. పోలవరం అప్పుడు ఆ జిల్లాలోదే. మంచి విత్తనం, ఎరువు, అప్పు, సలహా అన్నీ కలిపి రైతు ఇంటికి చేర్చడం ఆ పథకం ఉద్దేశం. దిగుబడి పెరిగింది. తర్వాత తర్వాత డాబాలు వచ్చాయి, ఇనప బీరువాలు వచ్చాయి, మడత మంచాలు, ఆనక ప్లాస్టిక్ కుర్చీలు వచ్చాయి. కర్రబండి పోయి టైరుబండి, అదీ పోయి ట్రాక్టరు వచ్చింది. పాత సామానుకి ఇంట్లో చోటు లేకపోయింది. కొంత పొయ్యిలోకి, కొంత పాత సామాన్లు కొనేవాడి బండిమీదికి పోయింది.

మిగిలినదాన్ని గోదావరి తీసుకుంది. 1953 ఆగస్టు వరదని మా ఇళ్లలో పెద్దవాళ్లు కథగా చెప్పేవారు. 1986 ఆగస్టులో వచ్చింది దానికి మించింది. భద్రాచలం దగ్గర నీటిమట్టం 75 అడుగులు దాటింది. ధవళేశ్వరం దగ్గర సుమారు 35 లక్షల క్యూసెక్కులు పారింది. ఆ వరద తీశాక మా పెరట్లో బురదలో కూరుకుపోయి మిగిలింది మా నాయనమ్మ పందిరి మంచం ఒక్కటే. నవారు కుళ్లిపోయింది, ఒక పట్టె కొట్టుకుపోయింది, గుంజలు నాలుగూ నిలిచాయి. "ఒరే అబ్బాయ్, దీన్ని పొయ్యిలో పెట్టకండిరా, బీరపాదుకి వెయ్యండి" అంది నాయనమ్మ.

వేశాను. కాని బుద్ధిలేని పని చేశాను. గుంజల్ని రెండడుగులు తిన్నగా ఒండ్రుమట్టిలో పాతేశాను. టేకు గదా, దానికేమవుతుందనుకున్నాను. రెండు వానాకాలాలు బాగానే గడిచాయి. మూడో ఏడు శ్రావణంలో, పాదు నిండా కాయలుండగా ఒక రాత్రి ఈదురుగాలికి పందిరి పందిరంతా కూలబడింది. చూస్తే, భూమిలోపలి భాగమంతా చెదలు తినేసి పొట్టు మిగిలింది. భూమిపైన కర్ర మటుకు రాయిలా ఉంది. మా వీధి వడ్రంగి చూసి, "ఏమండీ, టేకుకి నీడ ఉంటే నూరేళ్లు. తడిమట్టిలో పాతితే అదీ కర్రే గదండీ" అన్నాడు. నాయనమ్మ ఒక్క మాట కూడా అనలేదు. అంటేనే బాగుండేది.

అందుచేత గ్రామ కార్యకర్తలు రైతులకి మొదట చెప్పవలసిన సంగతి ఇదే. పాత కర్రని మట్టిలో పాతవద్దు. గుంజ కింద రాయో, సిమెంటు దిమ్మో వేసి, ఇనప బద్దీతో బిగించండి. పాతక తప్పదంటే, పాతే భాగాన్ని పైపైన బొగ్గు పట్టేదాకా కాల్చి, గోతి అడుగున గులకరాళ్లు పోసి నిలబెట్టండి. చెదలు మట్టిగొట్టం కట్టుకుంటూ పైకి వస్తాయి. నెలకోసారి చూసి, కనబడిన గొట్టాన్ని చీపురుతో దులిపెయ్యండి. మామిడి కర్ర వానకి ఆగదు, దాన్ని చూరు కిందే వాడుకోండి.

నులక మంచాలు రెండుంటే కోళ్లు తీసేసి, చట్రాలు రెండూ పైన కలిపి కట్టి, గుడారంలా నిలబెట్టండి. నులక ఒక వానాకాలానికే కుళ్లిపోతుంది గనుక దాని బదులు కొబ్బరి తాడు గాని, ఇనప తీగ గాని అల్లండి. బీర, కాకర దానిమీద హాయిగా పాకుతాయి. బల్ల సొరుగులకి అడుగున కన్నాలు వేసి, ఇటికలమీద ఎత్తి పెడితే తోటకూరకీ, మెంతికూరకీ సరిపోతాయి. ఆరంగుళాల మట్టి చాలు. వంగ, టమాటాలకి అడుగు లోతన్నా కావాలి. పాత ద్వారబంధం పెరటి దారిలో నిలబెట్టి సన్నజాజి పాకించండి. ఉయ్యాల బల్ల చెట్టుకింద అరుగవుతుంది.

రెండు జాగ్రత్తలు మాత్రం తప్పవు. పాత రంగుల్లో సీసం కలిసి ఉండేది. ఇళ్లకి వేసే రంగుల్లో సీసాన్ని కట్టడి చేస్తూ మన దేశంలో నిబంధనలు వచ్చింది 2016లో, అవి అమలైంది 2017 నవంబరు నుంచి. అంతకుముందు రంగు వేసిన చెక్కల్లో కూరమొక్కలు పెంచకండి, పూలమొక్కలు పెట్టుకోండి. ఆ రంగు గీకిన పొడి పిల్లల దగ్గరికి రానివ్వకండి, ఆ చెక్కని పొయ్యిలోనూ పెట్టకండి. రెండోది, ధాన్యపు గాదెలకీ పెట్టెలకీ వెనకట గమాక్సిన్ పొడి చల్లేవారు. ఆ మందుని 1997లో నిషేధించారు. దాని వాసన పట్టిన చెక్క కూరమడికి పనికిరాదు.

ఇక అసలు సంగతికి వస్తాను. పోలవరం దగ్గర ఆనకట్ట కట్టాలన్న ఆలోచన 1941 నాటిది. అప్పట్లో దానికి రామపాదసాగర్ అని పేరు పెట్టారు. 1981లో శంకుస్థాపన జరిగింది. 2014లో జాతీయ ప్రాజెక్టు అయింది. 2021 జూన్‌లో నదిని 48 గేట్ల స్పిల్‌వే వైపు మళ్లించారు. డెల్టాకి, మెట్టకి నీరొస్తుందని ఒక ఆశ. ఆ నీటికోసం ఎగువన దేవీపట్నం, కుకునూరు, వేలేరుపాడు వైపు ఊళ్లు ఖాళీ చెయ్యవలసి రావడం ఒక బాధ. ప్రభుత్వ లెక్కల్లోనే నిర్వాసిత కుటుంబాలు లక్షకు పైన ఉన్నాయి. ఊరు వదిలేటప్పుడు మనిషి ఏం పట్టుకెళ్తాడండి? చింతచెట్టుని తీసుకెళ్లలేడు, రేవుని తీసుకెళ్లలేడు. తలుపులు, దూలాలు, మంచాలు విప్పి ట్రాక్టరులో వేసుకుంటాడు. కొత్త కాలనీలో ఇంటికి తలుపులు ముందే ఉంటాయి. తెచ్చిన కలప ఎండకి ఎండి, వానకి తడిసి, రెండేళ్లకి పొయ్యిలోకి పోతుంది.

ఇలాంటి చోటే చండీగఢ్ కథ గుర్తుకు రావాలి. 1947 దేశవిభజనలో సొంత ఊరు పోగొట్టుకుని వచ్చిన నేక్‌చంద్ అనే ఆయన అక్కడ రోడ్ల ఇన్‌స్పెక్టరుగా పనిచేసేవాడు. కొత్త నగరం కట్టేటప్పుడు కూలగొట్టిన చోట్లనుంచి విరిగిన పెంకులు, గాజులు, రాళ్లు ఏరి, ఏళ్ల తరబడి ఎవరికీ చెప్పకుండా అడవి జాగాలో తోట కట్టాడు. 1976లో దాన్ని ప్రజల కోసం తెరిచారు. ఆయన 2015లో పోయాడు, తోట నిలిచింది.

మనకి అంత పెద్ద తోట అక్కర్లేదు. కాలనీ ఇంటి వెనక నాలుగు గజాల జాగా చాలు. పాత ఇంటి ద్వారబంధం అక్కడ నిలబెట్టి, రాతిమీద బిగించి, ఊరినుంచి తెచ్చిన చిక్కుడు గింజలు నాలుగు దాని మొదట్లో పెట్టండి. అడ్డకర్రమీద పాత ఊరి పేరు చెక్కించండి. పిల్లలు చిక్కుడుకాయలు కోస్తూ ఆ పేరు చదువుతారు, ఆ ఊరు ఎక్కడని అడుగుతారు. మీరు చెబుతారు. గ్రామ కార్యకర్తలు కాలనీలకి వెళ్లినప్పుడు విత్తనాల పొట్లాలతోబాటు యీ మాట కూడా చెప్పిరండి.

మా పందిరి మంచం గుంజల్లో మూడు ఇంకా ఉన్నాయి. చెదలు తిన్నంత మేర కోయించి, దిమ్మలమీద నిలబెట్టాను. నాలుగోదాని చోట సరుగుడు గుంజ వేశాను. ఈ ఏడు దానిమీద ఆనపపాదు ఉంది.