ఊరికే ఇచ్చే డబ్బు ఎవరికిస్తే తప్పు?

మా తరగతిలో చర్చ పెట్టినప్పుడు ఎక్కువ మంది ఒకటే మాట అన్నారు: "పని చేయకుండా డబ్బిస్తే జనం సోమరులైపోతారు." సార్వత్రిక కనీస ఆదాయం అంటే పేద, ధనిక తేడా చూడకుండా, ఏ షరతూ పెట్టకుండా ప్రభుత్వం ప్రతి మనిషికీ కొంత డబ్బు ఇవ్వడం. మన దేశ ఆర్థిక సర్వే 2016-17లో దీని మీద ఒక అధ్యాయమే రాసింది. మనిషికి ఏడాదికి 7,620 రూపాయలని లెక్క కూడా వేసింది. అది అమలు కాలేదు. అయితే ఈ సోమరితనం అనే భయం చాలా పాతది, అది మా సీమ చరిత్రలోనే కనిపిస్తుంది.

మా కుటుంబం జిగణికి వచ్చింది అనంతపురం వైపు నుంచి. 1876-78 నాటి కరువును అక్కడ ధాత కరువు అంటారు, ధాత నామ సంవత్సరంలో మొదలైంది కాబట్టి. అప్పుడు అనంతపురం బళ్లారి జిల్లాలో ఉండేది, అదంతా మద్రాసు ప్రెసిడెన్సీ. ప్రభుత్వం కరువు పనులు తెరిచింది. 1877 మొదట్లో సర్ రిచర్డ్ టెంపుల్ అనే అధికారి ఖర్చు తగ్గించడానికి వచ్చాడు. మగ కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, దానిపైన ఒక అణా చాలన్నాడు. పౌను అంటే అర కిలో కూడా కాదు. దానికి రోజంతా రాళ్లు కొట్టాలి, మట్టి మోయాలి. ఎక్కువ ఇస్తే జనం సర్కారు మీదే ఆధారపడతారని పైవాళ్ల భయం. మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ మాత్రం, ఆ తిండితో మనిషి బతకలేడని గట్టిగా వాదించాడు. కొన్ని నెలలకు కూలి పెంచారు, కానీ అప్పటికే ఎందరో పోయారు.

అదే 1877 జనవరి 1న విక్టోరియా రాణిని భారత చక్రవర్తినిగా ప్రకటిస్తూ ఢిల్లీలో దర్బారు జరిగింది. అక్కడ విందులు తిన్న రాజులు సోమరులైపోతారని ఎవరైనా భయపడ్డారా? నాకైతే ఎక్కడా కనబడలేదు.

తర్వాత కాలం మారింది. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చింది. 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకం మా అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే మొదలైంది. కరువు పని దయగా కాక, ఏడాదికి వంద రోజుల హక్కుగా మారింది. చాలా పెద్ద మార్పు ఇది. అయినా డబ్బు కావాలంటే గడ్డపార పట్టాల్సిందే.

గడ్డపార పట్టకుండా డబ్బిచ్చిన పథకం తెలంగాణలో 2018లో వచ్చింది, అదే రైతుబంధు. ఎకరాకు పంటకు 4,000 చొప్పున ఏడాదికి 8,000 రూపాయలు. ఒక ఎకరం ఉన్నవాళ్లకు 8,000 అయితే పది ఎకరాలు ఉన్నవాళ్లకు 80,000. దున్నారా, బీడు పెట్టారా అని అడగలేదు. కౌలు రైతుకు ఏమీ రాలేదు, ఎందుకంటే పాసుపుస్తకం ఆయన పేరు మీద ఉండదు. చెమట ఒకరిది, చెక్కు ఇంకొకరిది.

2025లో ఆ రాష్ట్రంలో కొత్త ప్రభుత్వం ఎకరాకు 12,000 అంది, సాగుకు పనికొచ్చే భూమికే అంది. భూమి లేని కూలీలకూ 12,000 ప్రకటించింది. ఇది మంచిదే. కానీ కూలీకి కుటుంబం మొత్తానికి కలిపి 12,000. అది కూడా ఉపాధి హామీలో కనీసం 20 రోజులు పని చేసి ఉంటేనే! భూమి ఉన్నవాళ్లను ఎన్ని రోజులు పొలంలోకి దిగావని ఎవరూ అడగలేదు. ఉన్నవాళ్లకిస్తే దాని పేరు పెట్టుబడి సాయం, లేనివాళ్లకిస్తే ఊరికే తినడం. ఇలా చూస్తే మన సమాజం మనిషికంటే ఆస్తికే ఎక్కువ మర్యాద ఇస్తోందని నాకు అనిపిస్తుంది.

ఊరికే ఇస్తే నిజంగా ఏమవుతుందో 2011లో మధ్యప్రదేశ్‌లో పరీక్షించి చూశారు. సేవా సంస్థ, యూనిసెఫ్ కలిసి ఎనిమిది ఊళ్లలో అందరికీ నెలనెలా డబ్బిచ్చాయి, మొదట పెద్దవాళ్లకు 200, పిల్లలకు 100. జనం పని మానలేదు. సొంత పొలంలో ఇంకా ఎక్కువ పని చేశారు.

మన కర్ణాటకలో 2023 ఆగస్టు 30న గృహలక్ష్మి మొదలైంది. రేషన్ కార్డులో ఇంటి యజమానురాలికి నెలకు 2,000. ఇది ఎకరాలను కొలవదు, అందుకే నాకు నచ్చింది. కానీ కార్డు కర్ణాటకది కావాలి. మా పక్కింటి అత్త గ్రానైట్ ఫ్యాక్టరీలో పని చేస్తుంది. ఆంధ్రా కార్డుతో ఇక్కడ బియ్యం తీసుకోవచ్చు, ఆ 2,000 మాత్రం రావు. ఇక్కడ కార్డు కావాలంటే ముందు ఊళ్లో పేరు తీయించుకోవాలి. తీయిస్తే అక్కడ వాళ్ల అత్తగారికి వచ్చే బియ్యం తగ్గుతాయి. అందుకే ఆమె ఇంతవరకు దరఖాస్తు పెట్టలేదు.