ఓడ యెక్కువానికి ముందు చెప్పవలసిన మాట

ఇంటికి వచ్చిన అతిథికి కాళ్లకు నీళ్లిచ్చి, కూర్చుండుటకు చాప పరచి, భోజనపు వేళ తెలుపుట మన యాచారము. తెరచాప పడవలో కొన్ని దినములు గడపబోవు అతిథికి చేయవలసిన మర్యాద ఇంతకంటె పెద్దది. ఇంట నిలువ నిష్టము లేనివాడు మరునాడు లేచిపోగలడు; నీటి నడుమ నున్నవాడు పోలేడు. కావున అతనికి చేయవలసిన మొదటి మర్యాద రేవులోనే, తాడు విప్పక మునుపే జరుగవలెను. ఉన్నది ఉన్నట్లు చెప్పుటయే ఆ మర్యాద. ఈ ధర్మము నిలిచినచోట ఏమి జరిగెనో, తప్పినచోట ఏమి జరిగెనో మన తెలుగువారి చరిత్రయందే చూడవచ్చును.

1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిమ్మట గోదావరి కాలువలు పైరులకే గాక ప్రయాణములకును తోడ్పడెను. అవి కృష్ణా కాలువలతోను, పెదగంజాము వద్ద బకింగుహాము కాలువతోను కలియుటచే కాలక్రమమున కాకినాడ నుండి చెన్నపట్టణము వరకు నీటిదారి యేర్పడెను. గాలి అనుకూలించినపుడు తెరచాప యెత్తెడివారు. ఎదురుగాలి వీచినపుడు కళాసులు గట్టున నడచుచు తాటితో పడవను లాగెడివారు, లేదా గెడలు వేసెడివారు. అందుచే ఏ లాకును ఎప్పుడు దాటుదురో ఖండితముగా చెప్పుట ఎవరి తరమును కాదు. సరంగు ఈ సంగతి దాచక చెప్పిన యెడల ప్రయాణికుడు తగినట్లు సిద్ధపడును: మరచెంబుతో మంచినీళ్లు, అటుకులు, ఊరగాయ, ఒక చాప, ఒక దుప్పటి. రెండు దినములకు మూటగట్టుకొన్నవాడు మూడవ దినమునకును కొంచెము కలుపుకొనును. తెరచాప త్రిప్పునపుడు తల వంచవలెనని, పొయ్యి నిప్పును విడిచి పోరాదని చెప్పినచో అదియును నేర్చుకొనును. ఇందు పెద్ద విద్య యేమియు లేదు. ముందుగా తెలిసిన కష్టము సగము కష్టమే.

కాలువ పడవకు గట్టు కనుచూపు మేరలోనే యుండును. సముద్రపు టోడ సంగతి వేరు. గోదావరి సాగరసంగమ ప్రాంతమున కోరంగి రేవు ఓడల నిర్మాణమునకు పేరొందినది. దాని చేరువనే, ఆనాడు ఫ్రెంచివారి యేలుబడిలోనుండిన యానాము కలదు. 1828 మొదలు కొద్ది కాలము ఈ ప్రాంతము నుండి తెలుగు కూలీలను బూర్బన్ దీవికి, అనగా నేటి రీయూనియన్‌కు, ఓడలపై గొనిపోయిరి. ఆ ప్రయత్నము త్వరలోనే నిలిచిపోయెను. బ్రిటిషువారి వలసలలో బానిసత్వము రద్దగుటచే మారిషస్ చెరకుతోటల యజమానులు 1834 మొదలు మన దేశమునుండి కూలీలను రప్పింపసాగిరి. 1839 నవంబరు నాటి తుపానులో కోరంగి రేవు నాశనమయ్యెను. అయినను మారిషస్‌లో తెలుగువారిని కోరంగీలని పిలిచిరి. రేవు పోయినను పేరు నిలిచినది.

ఓడలో వారి కేమి సిద్ధపరచిరి? బియ్యము, పప్పు, నెయ్యి, ఉప్పు, పసుపు, చింతపండు, ఉల్లి, ఎండుచేప, కప్పుకొనుటకు కంబళి. తరువాతి చట్టములు పెద్దవానికి 12 చదరపు టడుగుల చోటు నియమించెను. ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పుగల చాప పరచిన అంతమాత్రమే. వారముల తరబడి ఒక మనిషికి అదియే ఇల్లు. 1837 నాటి చట్టము ననుసరించి కూలీ ఒప్పంద పత్రముతో ప్రభుత్వోద్యోగి యెదుట నిలువవలెను. ఓడలో వైద్యుడును ఉండవలెను. కాగితము మీద ఇవి మంచి యేర్పాటులే. అయినను 1838లో కలకత్తాలో నియమింపబడిన విచారణ సంఘము, కూలీలను పెక్కుమార్లు మోసముచే ఓడ యెక్కించిరని తేల్చెను. 1839లో వలసను నిలిపివేసి, 1842 నాటి చట్టముతో మారిషస్‌కు మరల తెరచిరి; రేవులయందు సంరక్షకాధికారులను నియమించిరి.

నేను గుమాస్తాగా బ్రతుకు వెళ్లబుచ్చినవాడను. దస్త్రమును చూచినపుడు ఏ గడి యున్నదో గాక ఏ గడి లేదో వెదకుట నాకు అలవాటు. మారిషస్ వలస దస్త్రములలో పేరు, తండ్రి పేరు, వయస్సు, ఎత్తు, దేహముపై గుర్తులు, స్వగ్రామము, వచ్చిన ఓడ వ్రాయబడినవి. ‘ఇతనికి ఏమి చెప్పి తెచ్చిరి?’ అను గడి లేదు. ప్రయాణము ఎన్ని నాళ్లో చెప్పిరా? ఒక దినము పని మానిన రెండు దినముల కూలి కోయు పద్ధతి ఆ తోటలలో నుండెను, అది చెప్పిరా? చదువురానివారికి చెప్పిన నేమి తెలియునని కొందరందురు. కాలువ పడవ యెక్కినవారిలోను చదువురానివారు కలరు. గాలి లేనిచో మూట కూడు చాలదని చెప్పినపుడు వారు చక్కగా గ్రహించిరి గదా! లోపము వినువానిది కాదు, చెప్పనివానిది.

పోర్టులూయిలో 1849లో నెలకొల్పిన వలసదారుల విడిదిని ఆప్రవాసీ ఘాట్ అందురు. 2006లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించెను. రేవు నుండి పైకెక్కు మెట్లు అచ్చట ప్రసిద్ధములు. మారిషస్ దీవికి వచ్చిన సుమారు నాలుగున్నర లక్షల మంది కూలీలలో మన తెలుగువారును కలరు. వారి సంతతి ఉగాదిని మరువలేదు. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు ఆ దీవియందే జరిగెను.

నేడు అట్టి కుటుంబములవారు దస్త్రమునుండి వ్రాసికొన్న ఒక ఊరిపేరు చేతబట్టుకొని పూర్వుల గ్రామము వెదకుచు వచ్చుట కలదు. వారు మన అతిథులు. వారికి ఉత్సాహము కొరకు లేని చుట్టరికము కల్పింపరాదు. ఊరిపేరు మారియుండవచ్చును, రేవు పూడిపోయెను, ఇల్లు కానరాకపోవచ్చును అని ఉన్నది ఉన్నట్లు చెప్పి, ఆ పిమ్మట ఆకు వేసి భోజనము పెట్టవలెను. నూటయెనుబది యేండ్ల క్రిందట రేవులో వారి పూర్వులకు దక్కని మర్యాద అదియే.

తెలుగునాటికి వెలుపల స్థిరపడిన మనకును ఇది వర్తించును. మన పెద్దలు ఎచ్చట నుండి, ఎవరి మాట నమ్మి, ఏ దారిని వచ్చిరో తెలిసినవారు ఇంకను కొందరున్నారు. వారి నడిగి, ఖాళీగానున్న ఆ గడిని మన యింటి పుస్తకమునందైన నింపుకొందము.