ఏడాది చదువు ఎంత తూగుతుంది?

కాకి పిల్ల కాకికి ముద్దు అన్నారు పెద్దలు. మన బడిపిల్లల చదువు విషయంలో ఈ సామెత ఎంతవరకు వర్తిస్తుందో తెలియాలంటే వారిని ఒకసారి ఇతరుల కొలబద్దతో కొలిచి చూడాలి. పదవ తరగతి ప్రశ్నపత్రం మనదే, దిద్దేవారు మనవారే, ఉత్తీర్ణతా శాతాన్ని ప్రకటించేదీ మనమే. ఆ శాతం ఏటికేడు పెరగవచ్చు గాక, పిల్లవాడికి నిజంగా ఏమి వచ్చిందో ఆ అంకె చెప్పదు. అదే లెక్కను జపాను పిల్లవాడికీ, వియత్నాం పిల్లవాడికీ, మన పిల్లవాడికీ ఇచ్చి చూస్తే ఏమవుతుంది? ఈ ప్రశ్నకు అరవై ఏళ్లు దాటిన చరిత్ర ఉంది. ఆ చరిత్రలో తెలుగు పిల్లలకు కూడా ఒక అధ్యాయం ఉన్నదని మనలో చాలామందికి తెలియదు. ఆ కథను పాఠక మిత్రుల ముందుంచడమే నా ఉద్దేశం.

లెక్కల సంగతి తెలుగు పండితునికెందుకని ఎవరైనా అడగవచ్చు. ముప్పై ఏళ్లకు పైగా సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల బడులలో తెలుగు చెప్పినవాణ్ణి. లెక్కల మాస్టారు సెలవు పెట్టిన రోజున ఆ పీరియడు తరచుగా తెలుగు పండితుని నెత్తినే పడేది. కనుక ఆ విద్యతో నాకూ కొంత బాంధవ్యం ఉన్నది.

1957లో రష్యా స్పుత్నిక్‌ను ఆకాశంలోకి పంపిన తరువాత పాశ్చాత్య దేశాలలో గణిత, విజ్ఞాన బోధనల మీద పెద్ద చర్చ మొదలయింది. ఆ వాతావరణంలోనే, 1958లో, జర్మనీలోని హాంబర్గు నగరంలో ఉన్న యునెస్కో విద్యాసంస్థలో కొందరు విద్యావేత్తలు సమావేశమై, దేశదేశాల బడులను పోల్చి చూడడం సాధ్యమా అని ఆలోచించారు. ప్రపంచమంతా ఒక ప్రయోగశాల అనుకుంటే, ఒక్కొక్క దేశం ఒక్కొక్క పద్ధతిలో చదువు చెబుతోంది గనుక ఏ పద్ధతి ఏ ఫలితమిస్తుందో తెలుస్తుందన్నది వారి ఆలోచన. ఐ.ఇ.ఎ. అనే అంతర్జాతీయ సంస్థ అలా పుట్టింది. 1964లో 12 దేశాలలో, 1,30,000 మందికి పైగా విద్యార్థులకు గణితంలో ఒకే పరీక్ష పెట్టారు. స్వీడను దేశపు ఆచార్యుడు టోర్‌స్టెన్ హుసేన్ సంపాదకత్వంలో 1967లో దాని ఫలితాలు వెలువడ్డాయి. యుద్ధంలో నేలమట్టమై ఇరవై ఏళ్లయినా నిండని జపాను పిల్లలు అమెరికా పిల్లల కంటే ఎంతో ముందున్నారన్న వార్త అప్పట్లో సంచలనం కలిగించింది. హుసేన్ బృందానికి మాత్రం దేశాల వరుస క్రమం ముఖ్యం కాదు, ఆ తేడాలకు కారణాలు ముఖ్యం. పత్రికలు వరుస క్రమాన్నే పట్టుకున్నాయి. ఆ జాడ్యం నేటికీ వదలలేదు.

ఆ తరువాత 1970-71లో విజ్ఞాన శాస్త్రంలో జరిగిన పరీక్షలో మన దేశం కూడా పాల్గొన్నది. 19 దేశాలలో చిలీ, ఇరాన్, థాయిలాండ్, భారతదేశం మాత్రమే వర్ధమాన దేశాలు. మన దేశం నుంచి హిందీ మాట్లాడే రాష్ట్రాల బడులనే తీసుకున్నారు గనుక తెలుగు పిల్లలెవరూ అందులో లేరు. ఈ నాలుగు దేశాలూ సంపన్న దేశాల కంటే చాలా వెనుకబడ్డాయి. ఆ అనుభవం తరువాత భారతదేశం దాదాపు నలభై ఏళ్లపాటు ఇటువంటి పోలికలకు దూరంగా ఉండిపోయింది. 1995లో టిమ్స్ పేరుతో గణిత, విజ్ఞాన శాస్త్రాల పరీక్ష నలభైకి పైగా దేశాలలో జరిగి సింగపూరు పేరు మారుమోగినప్పుడు మనం లేము. 2000లో ఓ.ఇ.సి.డి. అనే సంపన్న దేశాల కూటమి 15 ఏళ్ల పిల్లలకు పీసా అనే పరీక్ష మొదలుపెట్టినప్పుడూ మనం లేము.

ఈ పరీక్షల పద్ధతిని రెండు మాటలలో చెప్పాలి. వీటిలో ఏ పిల్లవాడికీ ర్యాంకు రాదు, ఏ పిల్లవాడూ తప్పడు. మిర్యాలగూడ రైసు మిల్లుకు లారీ నిండా వడ్లు వచ్చినప్పుడు మిల్లరు ప్రతి గింజనూ చూడడు. ఈ బస్తాలో ఇంత, ఆ బస్తాలో ఇంత గుచ్చి తీసి, తేమ ఎంత, తాలు ఎంత అని చూసి లారీ మొత్తానికి ధర కడతాడు. ఇదీ అంతే. బడుల జాబితాలో నుంచి చీటీలు తీసినట్లుగా కొన్నింటిని ఎంచి, వాటిలో కొందరు పిల్లలను పరీక్షించి, దేశం మొత్తం చదువును అంచనా కడతారు. మంచి బడులనే ఏరుకుంటే కుదరదు. 500 అంకెను నడిమి గుర్తుగా పెట్టుకొని దానికి పైన ఎవరు, కింద ఎవరు అని చూస్తారు.

ఎట్టకేలకు పీసా 2009 పరీక్షకు అనుబంధంగా జరిగిన విడతలో తమిళనాడు, హిమాచల్ ప్రదేశ్ రాష్ట్రాలు పాల్గొన్నాయి. దేశంలో మెరుగైన రాష్ట్రాలుగా పేరున్నవే అవి. 2011 డిసెంబరులో ఫలితాలు వచ్చాయి. గణితంలో తమిళనాడుకు 351, హిమాచల్‌కు 338. పాల్గొన్న 74 ప్రాంతాలలో వీటి కిందున్నది కిర్గిజిస్తాన్ ఒక్కటే. ప్రశ్నలు మన పిల్లల జీవితానికి పరాయివిగా ఉన్నాయని చెప్పి మన ప్రభుత్వం తరువాతి విడతల నుంచి తప్పుకొన్నది. ఆ అభ్యంతరంలో కొంత న్యాయం లేకపోలేదు. అయినా అద్దంలో ముఖం బాగా లేదని అద్దాన్ని బోర్లించినంత మాత్రాన ముఖం మారదు కదా! 2019లో మళ్లీ చేరుతున్నట్లు ఒప్పందం కుదిరింది. కరోనా వలన పరీక్ష 2022కి వాయిదా పడింది. చివరకు అందులోనూ మనం పాల్గొనలేదు.

మరి మన దేశపు వైద్యులు, ఇంజనీర్లు ప్రపంచమంతటా వెలుగుతున్నారే, ఈ అడుగు స్థానం ఎలా నమ్మేది అని సందేహం రావచ్చు. జిష్ణు దాస్, ట్రిస్టన్ జాజోంక్ అనే ఇద్దరు పరిశోధకులు దీనికి సమాధానం వెదికారు. టిమ్స్ బహిరంగపరచిన ప్రశ్నలను రాజస్థాన్, ఒరిస్సాలలోని తొమ్మిదవ తరగతి పిల్లలకు ఇచ్చి, ఆ జవాబులను ప్రపంచపు కొలబద్ద మీద నిలిపి చూశారు. 51 దేశాలలో 43 దేశాల కంటే ఈ రాష్ట్రాలు కిందికి వచ్చాయి. అంతకంటే ముఖ్యమైన సంగతి, పిల్లల మధ్య అంతరం. దక్షిణాఫ్రికా తరువాత అంత అసమానత ఎక్కడా లేదు. ఈ రెండు రాష్ట్రాలను దేశానికి నమూనాగా తీసుకుంటే, అమెరికాలో పదిమంది మేటి విద్యార్థులుంటే మన దేశంలో నలుగురున్నారు. అక్కడ అట్టడుగున పదిమంది ఉంటే ఇక్కడ రెండు వందల మంది ఉన్నారు. రెండు మాటలూ ఒకే లెక్కలో నిజమే.

హైదరాబాదు నుంచి విజయవాడ వెళ్లే రహదారి మీద సూర్యాపేటలో గాని కోదాడలో గాని ఆగి చూస్తే ఆ నలుగురి ముఖాలు ఫ్లెక్సీల మీద కనిపిస్తాయి. పేరు, ర్యాంకు, హాల్‌టికెట్టు నంబరు. వారిని చూసి గర్వించవలసిందే. కాని లారీలోని వడ్లకు మిల్లరు ఎంచే పద్ధతిలో ఎంచితే ఆ ముఖాలు చాలవు. ఆ రెండు వందల మందికి ఫ్లెక్సీ ఉండదు. మా ఊళ్ల బడులలో నేను ఎక్కువగా చూసింది వారినే.

ఇక తెలుగు పిల్లల అధ్యాయానికి వస్తాను. ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయం నడిపిన యంగ్ లైవ్స్ అనే అధ్యయనం 2002లో నాలుగు చోట్ల మొదలయింది. ఇథియోపియా, పెరూ, వియత్నాం, నాలుగవది మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్. మొత్తం 12,000 మంది పిల్లలు, అందులో 3,000 మంది మనవారు. శ్రీకాకుళం, పశ్చిమ గోదావరి, కడప, అనంతపురం, మహబూబ్‌నగర్, కరీంనగర్, హైదరాబాదు జిల్లాల నుంచి వారిని తీసుకున్నారు. మా నల్లగొండ జిల్లా ఆ జాబితాలో లేదు. సూర్యాపేట, కోదాడలు 2016లో వేరే జిల్లాలోకి వెళ్లక ముందు మా మూడు ఊళ్లూ ఆ నల్లగొండలోనివే. మహబూబ్‌నగర్ మా పొరుగు జిల్లాయే గనుక, ఆ పిల్లల కథ మా పిల్లల కథకు ఎంతో దూరం కాదు. ఈ అధ్యయనపు విశేషమేమిటంటే, అదే పిల్లలను ఏళ్ల తరబడి వెంబడించి, మళ్లీ మళ్లీ కలిసి పరీక్షించారు. పీసా వంటివి ఒకనాటి ఛాయాచిత్రాలైతే ఇది ఎదుగుదలను చూపే చలనచిత్రం.

ఆర్థికవేత్త అభిజీత్ సింగ్ ఆ వివరాలను పరిశీలించి 2020లో ప్రచురించిన పత్రంలో తేల్చిన విషయం ప్రతి ఉపాధ్యాయుడూ తెలుసుకోదగినది. బడిలో చేరే ముందు, ఐదేళ్ల వయసులో, నాలుగు దేశాల పిల్లల మధ్య తేడా కొద్దిగానే ఉంది. ఎనిమిదేళ్లకు అది బాగా పెరిగింది. మన పిల్లలు ఐదేళ్లకే బడిలో చేరతారు, వియత్నాంలో ఆరేళ్లకు చేరతారు. అంటే మనవారు ముందుగా బయలుదేరి వెనుకబడ్డారు. ఒక చిన్న గుణకారపు లెక్కను సరిగా చేయగలిగే అవకాశం, ఒక ఏడాది బడి చదువు వలన వియత్నాంలో 21 శాతం పాయింట్లు పెరిగితే మన దగ్గర 6 మాత్రమే పెరిగింది. తల్లిదండ్రుల చదువులో, ఇంటి సంపదలో లేని తేడా ఈ రెండు అంకెలలో ఉన్నది. అక్కడి ప్రాథమిక పాఠశాలలో ఒక ఏడాది ఎంత తూగుతుందో ఇక్కడా అంతే తూగితే, మనకూ వారికీ మధ్య అంతరం చాలావరకు చెరిగిపోతుందని ఆ పరిశోధన సారాంశం. వియత్నాం 2012లో తొలిసారి పీసాలో పాల్గొని గణితంలో 511, విజ్ఞాన శాస్త్రంలో 528 తెచ్చుకోవడం వెనుక ఉన్నది ఈ తూకమే. అక్కడ 15 ఏళ్లకే బడి మానివేసినవారు చాలామంది ఆ లెక్కలోకి రాలేదన్న మాట కూడా చెప్పుకోవాలి. అయితే యంగ్ లైవ్స్ పిల్లలను ఇళ్ల నుంచి తీసుకున్నారు గనుక ఆ లోపం వారికి అంటదు.

అదే అధ్యయనంలో మరొక కఠోర సత్యం ఉంది. 2006లో 12 ఏళ్ల పిల్లలకు ఇచ్చిన లెక్కలనే 2013లో 12 ఏళ్ల పిల్లలకు ఇస్తే సరియైన జవాబులు తగ్గాయి. ప్రైవేటు బడులకు వెళ్లే పిల్లలు విపరీతంగా పెరిగిన కాలమది. పోనీ, ప్రైవేటు బడిలో వేస్తే చాలునా? కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 180 గ్రామాలలో లాటరీ తీసి, ప్రభుత్వ బడి పిల్లలలో కొందరికి ప్రైవేటు బడిలో చదివేందుకు ఫీజు కట్టి చూశారు. నాలుగేళ్ల తరువాత తెలుగులోను, లెక్కలలోను ఆ పిల్లలు మిగిలినవారికంటే మెరుగు కాలేదు. హిందీలో మాత్రం ముందుకు వెళ్లారు. కారణం, ప్రభుత్వ ప్రాథమిక బడులలో లేని హిందీని అక్కడ చెప్పడం. ప్రైవేటు బడికి అయిన ఖర్చు చాలా తక్కువన్నది వారి పక్షాన చెప్పవలసిన మాట.

నా అనుభవంలోకి వచ్చిన కారణాన్ని ఒకటి చెబుతాను. నల్లబల్ల మీద 24 × 75 అని రాస్తే ఏడవ తరగతి పిల్లవాడు చేసేవాడు. "ఒక రైతు 24 బస్తాల వడ్లు మిల్లుకు తెచ్చాడు, బస్తాకు 75 కిలోలు, మొత్తం ఎన్ని క్వింటాళ్లు?" అంటే తల గోక్కొనేవాడు. వడ్ల బస్తాలను మోసిన ఇంటి పిల్లవాడే లేచి, "సార్, కూడాలా? గుణించాలా?" అని అడిగేవాడు. లెక్క రాక కాదు, వాక్యం అర్థం కాక. పదకొండవ శతాబ్దంలో పావులూరి మల్లన మహావీరాచార్యుని గణిత గ్రంథాన్ని తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. పద్యానికి అర్థం తెలిస్తేనే లెక్కకు దారి దొరుకుతుంది. పీసా, టిమ్స్ ప్రశ్నలలో చాలావాటి స్వరూపమూ అదే. చదివి గ్రహించే శక్తి లేనివాడు లెక్కలలోనూ, విజ్ఞానంలోనూ వెనుకబడతాడు. తెలంగాణలో 2022-23 నుంచి ప్రభుత్వ బడులలో ఇంగ్లీషు మాధ్యమం వచ్చింది, రెండు భాషలూ ఎదురెదురు పుటలలో ఉండే పుస్తకాలు వచ్చాయి. ఏ భాషలోనైనా సరే, వాక్యం అర్థమయిందా అన్నదే అసలు ప్రశ్న.

రెండవ కారణం సిలబస్. మన బడిలో ఏడాదికి కొలత పుస్తకం పూర్తి కావడం. నాలుగవ తరగతిలో భాగహారం అందని పిల్లవాడు అయిదులో భిన్నాలకు, ఆరులో దశాంశాలకు, ఏడులో బీజగణితానికి కదిలిపోతూనే ఉంటాడు. బండి ఆగదు, ఎక్కనివాడు ఎక్కడున్నాడని ఎవరూ వెనుదిరిగి చూడరు. 21కీ 6కీ మధ్య ఉన్న పదిహేను పాయింట్లు ఇలాంటి చోట్లనే జారిపోతున్నాయని నా నమ్మకం.

పరీక్ష అన్న మాటలోనే పరి, ఈక్ష అని రెండు భాగాలున్నాయి. అన్ని వైపుల నుంచి చూడడమని దాని అర్థం. ఒక్క వైపు నుంచి, మొదటి వరుసను మాత్రమే చూసేదానికి ఆ పేరు తగదు. దేశాల పట్టికలో మనం 72వ వారమా, 42వ వారమా అన్నదానికంటే నాకు ముఖ్యమనిపించేది వేరు. జూన్‌లో మా కోదాడ బడిలో మూడవ తరగతిలో చేరిన పిల్లవాడికి ఏప్రిల్ నాటికి కొత్తగా ఏమి వచ్చింది? దీనికి జవాబు చెప్పడానికి పీసా అక్కరలేదు, ఢిల్లీ అనుమతీ అక్కరలేదు. జూన్‌లో ఒక కాగితం, ఏప్రిల్‌లో అదే కాగితం చాలు. మీ ఊరి బడిలో ఎవరైనా ఉపాధ్యాయ మిత్రులు ఈ పని చేసి ఉంటే, వారి తరగతిలో ఏడాది ఎంత తూగిందో వినాలని నాకు కుతూహలంగా ఉంది.